ఎదుటి లాడ్జికి అమ్మోరొచ్చింది

ఆ ఉదయం అప్పలసూరి వేసుకున్న పథకం చాలా చిన్నది. జనం లేవకముందే నాలుగు వేపమండలు విరిచి, రోడ్డుకి అవతలున్న ఉమాశంకర్ లాడ్జి గుమ్మానికి కట్టాలి. గడప మీద కాస్త పసుపునీళ్ళు చల్లాలి. ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ తాగాలి. మూడు పనులూ దివ్యంగా జరిగాయి.

ఉమాశంకర్ పరాయివాడేం కాదు. అప్పలసూరి భార్య తులసికి స్వయానా అక్క మొగుడు. నరసన్నపేటలో హైవే పక్కన అతను లాడ్జి కొన్ననాటి నుంచీ అత్తవారింట్లో 'మా హోటలు అల్లుడు' అయిపోయాడు. అప్పలసూరి మాత్రం ఎండుచేపల అల్లుడుగానే మిగిలాడు. దాంతో అతనికి అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. తాతల నాటి ఎండుచేపల వ్యాపారం అమ్మేసి, సరిగ్గా ఎదురుగా ఉన్న పాత లాడ్జి కొని, 'తులసి లాడ్జి' అని బోర్డు పెట్టాడు. ఉమాశంకర్ గీజర్లు పెడితే తనూ పెట్టాడు. ఉమాశంకర్ గుమ్మంలో వినాయకుణ్ణి నిలబెడితే, అంతకన్నా జానెడు ఎత్తున్న వినాయకుణ్ణి తెచ్చాడు. గిరాకీ మాత్రం రోడ్డు దాటి ఇటు రాలేదు.

"మా బావ కౌంటర్లో కూకుంటే కలెక్టరు లాగుంటాడు. నువ్వు కూకుంటే సేపలు తూస్తన్నట్టుంటాది మావా" అంది తులసి ఓరోజు, ఉల్లిపాయలు తరుగుతూ. ఎగతాళికి అనలేదు, ఉన్నమాట అంది. అందుకే మరీ మండింది.

ఇప్పుడు ఊళ్ళోంచి జోగయ్య అనే పెద్దాయన వస్తున్నాడు. అతని మనవరాలి పెళ్ళికి శృంగవరపుకోట నుంచి మగపెళ్ళివారు దిగుతున్నారు. వాళ్ళ విడిదికి లాడ్జి మొత్తం కావాలి. పొద్దున్నే వచ్చి మాట్లాడతానని ఉమాశంకర్‌కి కబురు చేశాడు. ఆ విడిది దక్కితే తులసి లాడ్జి నిలబడుతుంది. దక్కకపోతే వెనక్కి వెళ్ళడానికి ఎండుచేపల గంప కూడా లేదు. అందుకే ఈ వేపమండలు. ఇంట్లో ఎవరికైనా ఒంటినిండా పొక్కులు పోస్తే ఆ ప్రాంతంలో గుమ్మానికి కట్టేవి అవే. అవి చూస్తే బయటివాళ్ళు గడప తొక్కరు.

అప్పలసూరి టీకొట్టు దగ్గర కాపుకాసి జోగయ్యను పట్టుకున్నాడు.

"ఎక్కడికి మావా?"

"ఉమాశంకర్ లాడ్జికిరా. విడిది మాటాడాల."

"అయ్యో, నీకు తెల్దా?" అన్నాడు అప్పలసూరి గొంతు తగ్గించి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఎంత అబద్ధమాడే నోటికైనా ఆ జబ్బుని పేరు పెట్టి అనే ధైర్యం లేకపోయింది. అలా అంటే కళ్ళు పోతాయని చిన్నప్పుడు అమ్మ చెప్పింది. రెండు లెంపలూ వేసుకుని, ఆ జబ్బుకి అక్కడ అందరూ అనే మాటే అన్నాడు. "అక్కడికి అమ్మోరొచ్చినాది."

"నిజవా? ఎప్పుడు?"

"రాత్రే. మేడమీద గదిలో ఉన్నాది. కావాలంటే గుమ్మం సూడు, మండలు కట్టీసినారు."

జోగయ్య చూశాడు. టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులు విడిచి, ఆ దిక్కుగా దండం పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ గబగబా ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. బాగా భయపడ్డాడనుకుని అప్పలసూరి ఆ మిగిలిన టీ కూడా తనే తాగాడు.

ఎండెక్కేసరికి డప్పులు వినిపించాయి. తులసి పట్టుచీర కట్టి, పసుపునీళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని బయల్దేరుతోంది.

"ఎక్కడికే?"

"తెలీనట్టు అడుగుతావేటి? మా బావ లాడ్జికి అమ్మోరొచ్చినాదంట! మేడమీద గదిలో కూకున్నాదంట! ముర్రాటలు అట్టుకెళ్తన్నాను."

"ఒసే, ఆ అమ్మోరు కాదే! ఇది ఏరే అమ్మోరు!"

"లెంపలేసుకో! ఏరే అమ్మోరుంటాదేటి? నీది వొట్టి కుళ్ళు. మన లాడ్జికి ఈగైనా రాదు, ఆళ్ళకి సాచ్చాత్తూ అమ్మోరే వచ్చినాది" అని ఆవిడ చరచరా రోడ్డు దాటేసింది.

అప్పలసూరి వెనకే పరిగెత్తాడు. ఉమాశంకర్ లాడ్జి ముందు ఇసకేస్తే రాలనంత జనం. అత్తగారు మరిడమ్మ పెద్దల్లుడి బుగ్గలు నిమిరి మెటికలు విరుస్తోంది. "నా అల్లుడు పుణ్యాత్ముడమ్మా! లేకపోతే ఇన్ని కొంపలుండగా ఇక్కడికే ఎందుకొస్తాది?"

"ఏటో తమ్ముడూ, లేచీసరికి మండలున్నాయి. ఎవులు కట్టినారో తెల్దు" అన్నాడు ఉమాశంకర్ అయోమయంగా.

అది విని అప్పలసూరికి ఒళ్ళంతా వణికింది. పళ్ళు పటపటలాడాయి. అది అచ్చమైన అసూయ, మరేమీ కాదు. ఆపుకోలేక గట్టిగా అరిచాడు. "ఆ మండలు కట్టింది నేను!"

ఒక్కసారి డప్పులు ఆగాయి. ముందువరసలో ఉన్న గురమ్మ అనే ముసలావిడ కెవ్వుమంది. "అమ్మోరు పూనీసినాది! ఇనండర్రా, తనే కట్టుకున్నాదంట!"

ఎవరో అప్పలసూరి నెత్తిన కుండెడు పసుపునీళ్ళు గుమ్మరించారు. ఎవరో చేతిలో వేపమండ పెట్టారు. మరిడమ్మ చిన్నల్లుడి కాళ్ళ మీద సాగిలపడింది. "తల్లీ! ఏటి కావాలో సెప్పు తల్లీ!"

అప్పలసూరి కళ్ళలోంచి పసుపునీళ్ళు తుడుచుకున్నాడు. ఎదురుగా ఉమాశంకర్ కూడా చేతులు జోడించి నిలబడ్డాడు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.

"ఈ కొంప నాకొద్దు!" అన్నాడు ఊగుతూ. "నన్ను ఎదర లాడ్జికి అట్టుకెళ్ళండి!"

"తులసి లాడ్జికా తల్లీ?"

"అదే! అక్కడ ఏసీ ఉన్నాది!"

జనం కుండలతో, డప్పులతో, మండలతో సహా రోడ్డు దాటారు. హైవే మీద లారీలు ఆగిపోయాయి. ఆ కాసేపు అప్పలసూరికి కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

పొద్దువాలేసరికి తులసి లాడ్జిలో ఖాళీ గది లేదు. మేడమీద ఏసీ గదిలో ఘటం పెట్టారు. మిగతా గదుల్లో ఆడవాళ్ళు పిల్లలతో సహా చాపలు పరిచారు. అప్పలసూరి అద్దె మాట ఎత్తబోతే తులసి నోరు మూయించింది.

"అమ్మోరింట్లో అద్దేటి మావా?" అని, వచ్చినవాళ్ళందరితో గర్వంగా చెప్పుకోసాగింది. "మా బావ మీదకి రాలేదు, మా ఆయన మీదకే వచ్చినాది." ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న ఆ మాట విని అప్పలసూరి మెత్తబడ్డాడు.

అంతలో జోగయ్య కొబ్బరికాయతో వచ్చాడు.

"మావా, మరి విడిది?" అన్నాడు అప్పలసూరి ఆత్రంగా.

"ఉమాశంకర్ లాడ్జి కాయం సేసీసినాను."

"అదేటి!"

"పొద్దున్న నువ్వు సెప్పగానే నీ లాడ్జే అనుకున్నాను. అమ్మోరున్న సోట మగపెళ్ళోరు మాంసం తిని, మందు తాగి పడుకుంటే బాగుంటాదేటి? నీకు బయానా ఇద్దామనే ఇందాక వచ్చినాను. ఈలోగా నువ్వే కదా, ఆ తల్లిని ఇటు తెచ్చీసినావు!" అని జోగయ్య భక్తిగా మేడెక్కాడు.

చీకటి పడ్డాక సొంత లాడ్జిలో అప్పలసూరికి నడుం వాల్చే చోటు దొరకలేదు. రోడ్డు దాటి ఉమాశంకర్ కౌంటరు ముందు నిలబడ్డాడు. మగపెళ్ళివారు దిగేలోగా ఈ ఒక్క రాత్రికీ ఓ గది ఖాళీగా ఉందట. అమ్మోరు పూనిన మనిషని కాళ్ళకు దండం పెట్టి మరీ, ఉమాశంకర్ ఆధార్ కార్డు అడిగాడు.