వారంటీయా, శారీగార్డా?

గురువారం పొద్దున విజయభాస్కర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి బస్సుకు నంద్యాల పోవాలి, షోరూములో కొత్త బండి తీసుకోవాలి, రాహుకాలం రాకముందే ఆళ్లగడ్డకు తిరిగొచ్చి తన కిరాణా అంగడి తెరవాలి. ఇందులో కష్టమేముంది అని ఎవరైనా అడగవచ్చు. కష్టం ఒక్కటే. ఇరవై నాలుగేళ్ల సంసారంలో ఆయన ఏ వస్తువూ ఒంటరిగా కొన్న పాపాన పోలేదు.

భార్య ఉషశ్రీ పోయి ఏడాది దాటింది. ఉన్నట్టుండి వచ్చిన జ్వరం ఆమెను తీసుకుపోయింది. ఏటిసూతకంలో కొత్త బండి కొనకూడదని పెద్దలు అనడంతో, సంవత్సరీకం అయ్యేదాకా పాత మోపెడ్‌నే తన్నుకుంటూ, తోసుకుంటూ తిరిగాడు. ఇంట్లో మిగిలింది ఆయనా, కూతురు హర్షిణీ. తల్లి పోయాక ఆ పిల్ల కాలేజీ మానేసింది. ఏడవడం కూడా మానేసింది. తండ్రీకూతుళ్ల మధ్య "తిన్నావా", "తలుపేసుకో" తప్ప వేరే మాట లేదు. ఉష పేరెత్తితే కూతురు తట్టుకోలేదని ఆయన ఎత్తడు. సోమవారం నుంచి మళ్లీ కాలేజీకి పోతానని మొన్ననే హర్షిణి ఒప్పుకుంది. బండి అందుకే. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాట, ముందొకరు వెనకొకరు కూర్చుంటే రావచ్చని ఆయన ఆశ. ఈ పిల్ల కూడా దూరమైతే ఆయనకిక మనిషంటూ లేదు.

షోరూములో రాకేశ్ అనే కుర్ర సేల్స్‌మన్ కుర్చీ వేశాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు, ఆపైన అసలు సంగతికి వచ్చాడు.

"ఆఫర్‌లో ఏదో ఒకటేనన్నా. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటే ఐదేండ్లు ఇంజనుకు ఏమొచ్చినా మాదే పూచీ. వద్దంటే యాక్సెసరీస్. శారీగార్డు, ఫుట్‌రెస్టు, సీటు కవరు. ఏది కావాల్నో చెప్పు."

ఐదేళ్ల పూచీ అన్న మాట దగ్గర విజయభాస్కర్ చూపు బండి మీద ఆగింది. ఇనుముకు ఇంత ధైర్యంగా పూచీ ఇస్తున్నారు. మనిషికి ఇచ్చేవాడు ఒక్కడూ కనబడడు.

"ఇంట్లో అడిగి చెప్తానప్పా," అన్నాడు.

ఈ మాట వెనక భార్యాభర్తల పాత ఒప్పందం ఒకటుంది. బేరం ఎక్కడ తెగకపోయినా ఆయన ఇంటికి ఫోన్ చేసి స్పీకరు నొక్కేవాడు. ఉష అవతలి నుంచి "ఆ ధరకైతే వద్దు, వచ్చేయ్!" అని కేకేసేది. అంగడివాడు చచ్చినట్టు దిగొచ్చేవాడు. వాళ్లింట్లో ఫ్రిజ్జు, మిక్సీ, హర్షిణి చెవికమ్మలు, అన్నీ అలా వచ్చినవే. ఇప్పుడు నోరు ఆ మాట అనగానే వేళ్లు వాటంతట అవే పేరు వెతికాయి, స్పీకరు నొక్కాయి. రింగు వినబడ్డాక గానీ తాను ఎవరికి చేశాడో ఆయనకు తట్టలేదు. పెట్టేద్దామనుకునేలోగా అవతల ఎవరో ఎత్తారు.

"హలో?" ఆడగొంతు.

ఎదురుగా రాకేశ్ చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"నేనే," అన్నాడు విజయభాస్కర్, ఎప్పుడూ అన్నట్టే. "నంద్యాలలో ఉండా. బండికి వారంటీ కావాల్నా, సామాన్లు కావాల్నా అంటాండారు."

అవతలి గొంతు మెత్తగా పలికింది. "వారంటీతో ఏం పని? శారీగార్డు పెట్టించు. వెనక కూర్చున్న మనిషి కొంగు చక్రంలో పడితే ఏ వారంటీ ఆదుకుంటాది? ఫుట్‌రెస్టు కూడా గట్టిగా బిగించమను. మెల్లగా రా."

"మేడమ్ కరెక్టుగా చెప్పినారన్నా!" అంటూ రాకేశ్ అప్పటికే మెకానిక్కును పిలుస్తున్నాడు.

ఆమె నా భార్య కాదంటే, మరెవరని అడుగుతాడు. తెలియదంటే పిచ్చివాడనుకుంటాడు. నా భార్య లేదు అనడానికి ఏడాదిగా ఆయనకు నోరు రావడం లేదు. అందుకని ఆయన తలూపాడు, మెకానిక్కు శారీగార్డు బిగించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆయన మెడలో దండ వేసి, చేతికి అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఇచ్చి ఫోటో తీశారు. రాకేశ్ దాన్ని అక్కడికక్కడే తన వాట్సాప్ స్టేటస్‌లో ఎక్కించాడు: "విజయభాస్కర్ అన్న దంపతులకు శుభాకాంక్షలు."

విజయభాస్కర్ ఎదురింటి ప్రతాప్‌కు ఆళ్లగడ్డ బజారులో చీరల అంగడి. నిరుడు బండి కొన్నది ఈ రాకేశ్ దగ్గరే. స్టేటస్ చూసి అంగట్లోనే లేచి నిలబడ్డాడు. ఏడాది తిరిగింది, కొత్త బండి వచ్చింది, దానికి శారీగార్డుంది, కింద దంపతులని రాసుంది. ఇంత సాక్ష్యం దొరికాక, రెండో పెళ్లి వార్త బజారుకు చెప్పకుండా ఊరుకునే మనిషి కాడు. కొత్త బండి ఊళ్లోకి వచ్చేసరికి బజారు బజారంతా పెళ్లివారి కళ్లతో చూస్తోంది.

"ముందే చెప్పింటే మేమూ వచ్చేటోళ్లం గదన్నా! గుట్టుగా కానిచ్చేసినావే!" అన్నాడు ప్రతాప్, అడ్డం వచ్చి.

"దీనికి జనం ఎందుకప్పా? నేనొక్కడే పోయి తెచ్చుకుంటి."

ప్రతాప్ ఖాళీ సీటు వైపు చూసి, పెళ్లికూతుర్ని మంచి ముహూర్తానికి ఇంటికి పిలుచుకొస్తాడు కాబోలని సర్దిచెప్పుకున్నాడు. పూలమ్మే పాపమ్మ మరో అడుగు ముందుకేసి, మూరెడు మల్లెపూలు చేతిలో పెట్టింది. "మొదటి దినం వట్టి చేతుల్తో ఇంటికి పోకూడదు నాయనా," అంది. కొత్త బండికి కాబోలని విజయభాస్కర్ వాటిని హ్యాండిలుకు చుట్టాడు.

ఇంటి ముందు బండి ఆపేసరికి హర్షిణి గుమ్మంలో ఉంది. ప్రతాప్ భార్య అప్పటికే వచ్చి, "బాధపడొద్దు పాపా" అని ఓదార్చి పోయింది. హర్షిణి పూలను చూసింది, ఫుట్‌రెస్టును చూసింది, శారీగార్డు దగ్గర ఆగింది.

"నేను చీర కట్టను గదా నాయనా. ఇది ఎవరికి?"

ఆయన నోరు తెరిచేలోగా సీటు మీద పెట్టిన ఫోన్ మోగింది. తెర మీద 'ఉష' అన్న పేరు, అహోబిలంలో తీసిన నవ్వుముఖం ఫోటో. తల్లి ముఖం అలా వెలిగి మోగుతుంటే హర్షిణి తండ్రి కంటే ముందే ఎత్తింది.

"ఇంటికి చేరినారా? శారీగార్డు బిగించినారా? మీకొక మాట చెప్పాల..."

హర్షిణి టక్కున పెట్టేసింది. "అమ్మ పేరు మీద ఎవర్ని పెట్టుకున్నావ్?"

"ఆమె ఎవరో నాకూ తెలీదు హర్షీ!"

అంతకంటే నిజమైన మాట ఆయన జీవితంలో అనలేదు. అంతకంటే నమ్మరాని మాట కూడా అనలేదు. హర్షిణి లోపలికి పోయి బట్టలు సంచిలో కుక్కుకొని బయటికొచ్చింది. "చాగలమర్రికి, అవ్వ దగ్గరికి పోతాండా. మళ్లీ రాను. కాలేజీ లేదు, ఏమీ లేదు," అంది. ఆయన గేటుకు అడ్డం నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి అత్తగారు సుబ్బరత్నమ్మ దిగింది. విజయభాస్కర్‌కు ఉన్న కాస్త ప్రాణం కూడా పోయింది. ఆమె మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి, మనవరాలి సంచిని చూసి, ఆ తర్వాత బండి చుట్టూ తిరిగి చూసింది.

"మేరీ చెప్పినట్లే పెట్టించినావే అల్లుడా," అంది.

"ఏ మేరీ అత్తా?"

ఆమె మెట్టు మీద కూలబడి చెప్పసాగింది. "ఉష పోయినాక దాని నంబరుకు చేస్తాంటి. స్విచ్చాఫ్ అని తెలిసే చేస్తాంటి. ఒక దినం ఎవరో ఎత్తిరి. బేతంచెర్ల పిల్ల, మేరీ అంట. మొగుడు బండల పాలీషు పనికి పోతాడు. కొత్త సిమ్ము తీసుకుంటే మన ఉష నంబరు వచ్చిందంట. నేను ఏడ్సి పెట్టెయ్యబోతాంటే, 'పెట్టొద్దవ్వా, తిన్నావా?' అనె. అప్పట్నుంచి రోజూ సాయంత్రం మాట్లాడ్తాండా. నువ్వు బండి కొంటాండేదీ చెప్పింటి."

"మరి పొద్దున..."

"నువ్వు 'నేనే' అని, నంద్యాల, బండి అనంగానే ఆ పిల్లకు తెలిసిపోయిందంట. నేను ఉష కాదని చెప్పేదానికి నోరు రాలేదంట. ఉష ఉంటే ఏం చెప్తాదో అదే చెప్పిందంట. మళ్లా భయపడి నాకు చేసె. 'మీ అల్లుడు ఏ పరిస్థితిలో ఉండాడో, బేగా పో అవ్వా' అనె."

హర్షిణి చేతిలోంచి సంచి జారింది. "నాకెందుకు చెప్పలేదవ్వా?"

"నువ్వు తట్టుకోలేవని."

"రోజూ అమ్మ పేరు తీసి చూసి, మళ్లీ లోపల పెట్టేస్తాంటి. స్విచ్చాఫ్ అంటారని భయం. మీ ఇద్దరూ చేసినారు. నేనొక్కదాన్నే చెయ్యలేదు." అంటూనే ఆ పిల్ల అవ్వ ఒళ్లో పడి, ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా గొంతెత్తి ఏడ్చింది.

విజయభాస్కర్ కూతురి పక్కన నేల మీద కూర్చున్నాడు. "మీ అమ్మ లేకుండా నాకు సీటు కవరు కొనడం కూడా రాలేదు హర్షీ," అన్నాడు. చెప్పుకోవాలనుకున్న నాలుగు మాటలూ అందులోనే ఉన్నాయి. హర్షిణి తండ్రి చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ ఉషా, అమ్మా, నా తల్లీ అంటూ, చుట్టూ ఇళ్లున్న సంగతి మరచి ఏడ్చారు. చీకటి పడేవేళకు హర్షిణి సంచి తనే లోపలికి తీసుకుపోయి, మేరీకి తిరిగి ఫోన్ చేసింది.

ఆ ఏడుపు ఎదురింటి ప్రతాప్‌కు స్పష్టంగా వినబడింది. అత్తా, కూతురూ ఒప్పుకోలేదు కాబట్టి పెళ్లి చెడిపోయిందని ఆయన తేల్చాడు. మరునాడు పొద్దున అంగడి తెరిచేసరికి, విజయభాస్కర్‌ను ఓదార్చడానికి సగం బజారు వచ్చి నిలబడింది.

ఉష పోయినప్పుడు కూడా అంతమంది రాలేదు.