తాళం లేని ఎర్ర పెట్టె

పెట్టెలో ఒక్క ఉత్తరం కూడా లేదు.

డాక్టర్ హైమవతి చేయి లోపలికి పెట్టి మూలమూలలా తడిమింది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. పదింటికి అందరూ పుష్కరాల రేవుకు వెళ్లి ఆ ఉత్తరాలను గోదావరిలో కలపాలి. అయిదు రోజుల శిక్షణకు అదే ముగింపు.

అది 2003. రాజమండ్రిలో అద్దె హాలు తీసుకుని పన్నెండు మంది కౌన్సెలర్లకు ఆమె నేర్పుతున్న విద్య ఒకటే: చిన్నతనంలో అయినవాళ్ల వల్ల తగిలిన గాయాన్ని మాన్పడం. ఎదుటివాళ్ల గాయం ముట్టుకునే ముందు తమది చూసుకోవాలి. అందుకే బుధవారం, గాయపరిచిన మనిషికి ఎప్పటికీ పంపని ఉత్తరం రాయమంది. నిజమనిపించాలని కవరు మీద పూర్తి చిరునామా, వెనక హాలు చిరునామా, ఫోన్ నంబరు రాయించింది. ఎర్ర రంగు వేయించిన చెక్కపెట్టెలో వేయించింది. తాళం వద్దంది. నమ్మకమే మొదటి పాఠం.

పదమూడో ఉత్తరం ఆమెది. ఆరేళ్లప్పుడు తనను హాస్టల్లో దింపి, మళ్లీ చూడటానికి రాని తండ్రికి. ప్రతి ఆదివారం గేటు దగ్గర రాతి మీద సాయంత్రం దాకా కూర్చున్న సంగతి అందులో ఉంది. తొమ్మిదేళ్లుగా ఆయనతో మాటల్లేవు. అది ఎవరి కంటైనా పడితే ఇక తన పాఠం వినేదెవరు?

ఆ పన్నెండు మందిలో రోజూ అందరికన్నా ఆలస్యంగా హాలు వదిలేది శశిభూషణ్. అందరి ముందే అడిగేసింది.

"మీరు గానీ తీశారా?"

అతను చేతిలోని పుస్తకం మూశాడు. "మా ఇంట్లో ఏది పోయినా ముందు నన్నే అడిగేవారండి. నా ఉత్తరంలో రాసింది అదే."

నాలుగు రోజుల శిక్షణ మూడు మాటల్లో పోయింది.

ఆమె క్షమాపణ పూర్తి కాకముందే బయట ఆటో ఆగింది. శిక్షణకు వచ్చిన వర్షిణి తండ్రి సూర్యప్రకాశం హార్లిక్స్ సీసాతో దిగి, కూతురు ఏ వార్డులో ఉందని అడిగాడు. ఇది ఆసుపత్రి కాదంటే వినలేదు. ఒంట్లో బాగున్న పిల్ల ఇలాంటి ఉత్తరం రాయదని ఆయన వాదన. ఉత్తరం ఆయన జేబులోనే ఉంది. ఇంతలో ఫోన్లు మొదలయ్యాయి. ముగ్గురు తల్లులు, ఒక పినతండ్రి.

ఉత్తరాలు పోలేదు. చేరాయి.

రిటైరై ఆరేళ్లయినా ఖాకీ చొక్కా మానని, ఇప్పుడు ఆ హాలుకు అటెండరుగా ఉన్న బుల్లిరాజు గుమ్మంలోకి వచ్చాడు.

"మొగల్తూరు నుంచి మీ నాన్నగారు వచ్చారండి. లోపలికి రమ్మంటే రారు. గేటు దగ్గరే కూర్చున్నారు. సాయంత్రం దాకా అయినా కూర్చుంటారంటండి."

ఆమె వెళ్లింది. జగన్నాథరావు లేచి నిలబడ్డాడు. చేతిలో ఆమె రాసిన కవరు ఉంది.

"ఇవాళ ఆదివారమేగా, అమ్మా?"

ఇలాంటి సమయంలో ఏం అనాలో ఆమె నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"టిఫిన్ చేశారా నాన్నా?" అంది.

ఆయన్ను చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాక, ఉత్తరాలు పోస్టు చేసిందెవరని నెమ్మదిగా అడిగింది.

"నేనేనండి," అన్నాడు బుల్లిరాజు. "ముప్పై రెండేళ్లు పోస్టుమేన్‌గా చేశానండి. ఎర్ర పెట్టె, నిండా ఉత్తరాలు, రెండు రోజులైనా ఎవరూ తియ్యలేదు. చూస్తూ ఊరుకోలేకపోయానండి. శుక్రవారం పొద్దున్నే స్టాంపులు అంటించి వేసేశాను. మీ నాన్నగారి పిన్‌కోడు మాత్రం తప్పు రాశారండి. దిద్ది వేశాను."