ఇరవై కేసుల రమ

హలో... ఆఁ, వినబడుతోందా? నా గొంతు తెగి తెగి వస్తుంటే జర కిటికీ దగ్గరికి రండి. చాయ్ గ్లాసు పట్టుకునే రండి, పెద్ద ముచ్చటేం కాదు. గర్షకుర్తి ఊళ్లో ఉండే హనుమండ్లుది.

హనుమండ్లు మరమగ్గం మీద పనిచేస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆ చప్పుడులో ఉండి ఉండి ఎవరి మాటా పూర్తిగా వినే అలవాటు పోయింది. సగం వింటాడు, మిగతా సగం తనే నేసుకుంటాడు. ఆ పొద్దు కరెంటు లేదు, మగ్గాలు బంద్. తల్లి శంకరవ్వను బండి మీద కొండగట్టు తీసుకుపోయి, అంజన్న దర్శనం చేయించి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి పండుకోవాలని అతని ప్లాను.

దండెం మీద తువ్వాలు తీయబోతుంటే పెరట్లో భార్య రమ ఫోన్లో గుసగుసలాడటం వినిపించింది.

"పంతొమ్మిది కేసులైనయి అక్కా. ఇయ్యాల ఇంకొక్కటైతే ఇరవై. పన్నెండు లోపల కేసు బుక్కు కావాలె, లేకుంటే నాకు ఏడాది పోతది."

హనుమండ్లు తువ్వాలు సంగతి మరిచిపోయాడు. పంతొమ్మిది కేసులు! పన్నెండు లోపల కేసు బుక్కవుతుందట! ఏడాది పోతుందంటే ఎక్కడికి పోతుంది? జైలుకే కదా!

అనుమానం ఈ ఒక్క పొద్దుది కాదు. రమ పన్నెండేళ్లుగా కరీంనగర్‌లో ఒక ఆస్పత్రిలో ఆయమ్మ పని చేస్తోంది. మంచం పట్టిన ముసలివాళ్లకు అన్నం తినిపించడం, ఒళ్లు తుడవడం, పక్క బట్టలు మార్చడం. అలాంటి మనిషి వేళ్లకు రెండేళ్లుగా పెన్ను సిరా అంటుకుని ఉంటోంది. ఆయమ్మకు సిరా ఎందుకు అంటుతుంది? అడిగితే "డ్యూటీ మారింది" అనేది, అంతే.

నిజానికి మారింది డ్యూటీ కాదు. ఏళ్లతరబడి ఆయమ్మలుగా చేసినవాళ్లకు రెండేళ్లు నేర్పి నర్సులను చేసే కోర్సులో రమ చేరింది. మొగుడికి చెప్పలేదు. మూడేళ్ల కింద అప్లికేషన్ పెట్టినప్పుడు చెప్పింది. అతను ఆ సాయంత్రానికే వాడంతా చాటింపు వేశాడు. సీటు రాలేదు. ఆరు నెలలు బోరింగు దగ్గర అందరూ ఆమెను "నర్సమ్మా, సూది ఉన్నదా?" అని అడిగారు. అందుకే ఈసారి పరీక్ష పాసయ్యాకే చెప్పాలనుకుంది.

రమ స్నానానికి పోగానే హనుమండ్లు ఆమె సంచిలో చెయ్యి పెట్టాడు. పచ్చట్ట పుస్తకం. ఏడో తరగతి ఇంగ్లీషుతో ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. కేస్... బుక్. దాన్ని అంగీ లోపల దోపుకుని, ఆవిడ ఆటో ఎక్కి పోయేదాకా ఆగి, నేరుగా గంగాధర చౌరస్తాలో కొరియర్ కౌంటర్ నడిపే ఓంప్రకాశ్ దగ్గరికి పోయాడు. ఆ చుట్టుపక్కల ఇంగ్లీషు చదివి చెప్పేది ఆయనే.

ఓంప్రకాశ్ అద్దాలు సర్దుకుని పేజీ తిప్పాడు. "డెలివరీ అని ఉన్నది తమ్మీ. అన్ని పేజీలల్ల డెలివరీనే."

డెలివరీ అంటే ఏమిటో మీకూ నాకూ తెలుసు. కానీ ఓంప్రకాశ్ పదిహేనేళ్లుగా కూర్చున్నది కొరియర్ కౌంటర్లో. ఆయనకు తెలిసిన డెలివరీ ఒక్కటే.

"ఇగో, రెండు కిలోల ఎనిమిది వందలు. గిది మూడు కిలోల నూరు. తెల్లారగట్ల నాలుగింటికి ఒకటి, పొద్దుగాల ఆరింటికి ఒకటి. గింత స్పీడు మా కంపెనీల గూడ లేదు."

"కిలోల లెక్క డెలివరీ చేసేది ఏముంటదే అన్నా?"

ఓంప్రకాశ్ అటూ ఇటూ చూసి షట్టరు సగం దించాడు. "గంజాయి."

హనుమండ్లు స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "మా రమ చాయ్ల చక్కెర గూడ తక్కువేసుకుంటది అన్నా!"

"గసొంటోళ్లనే పెట్టుకుంటరు. సూడు, 'కండక్టెడ్ బై రమ'. బస్సుల కండక్టర్ ఉంటడు గదా? అంటే మాలు వెంబడి పోయేది ఈమెనే. ఇగ ఇక్కడ 'విట్నెస్' అని ఉన్నది. సాక్షులు గూడ దొరికిండ్రు."

"అయిపోయింది. నా కొంప మునిగింది."

"ఆగు. 'క్రైడ్'. ఏడ్సిండట. ప్రతి కేసుల ఎవరో ఒకరు ఏడ్సిండ్రు."

"ఎందుకు?"

"రేటు ఎక్కువైందేమో." ఓంప్రకాశ్ వేలితో గీత వెంబడి పోతూ ఆగాడు. గొంతు తగ్గించాడు. "దొరికిండు తమ్మీ, అసలోడు. అన్ని పేజీలల్ల వీని పేరు ఉన్నది. ప్లసెంటా. 'ప్లసెంటా కంప్లీట్'. పేరు సూస్తే గోవా దిక్కు సేఠ్ లెక్కున్నడు. ఈయన సరే అంటెనే పని పూర్తయినట్టు."

హనుమండ్లు ఇంటికొచ్చి తల్లి చెవిలో మొత్తం ఊదాడు. శంకరవ్వ ఐదుగురిని కన్న మనిషి, దేనికీ తొందరగా బెదరదు.

"కోర్టుకంటె ముందు అంజన్న దగ్గరికి పోవాలె కొడుకా. ఆ బుక్కు ముడుపు కడుదాం. కేసు కొట్టేస్తే నూటొక్క కొబ్బరికాయ."

పుస్తకానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, బియ్యం గింజలు వేసి, పసుపు గుడ్డలో గట్టిగా మూట కట్టింది. అప్పుడే రమ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, సంచిల నా పచ్చట్ట బుక్కు లేదు. అల్మారా మీద ఉన్నదా? జర జల్ది సూడు!"

ఫోన్లు పోలీసులు వింటారని హనుమండ్లుకు తెలుసు. గట్టిగా, స్పష్టంగా, మూడోవాళ్లకు కూడా వినబడేలా చెప్పాడు. "మా ఇంట్ల బుక్కులు లెవ్వు. మా ఇంట్ల ఎవ్వలికి సదువు రాదు. రమ అంటె ఎవలో మాకు ఎరుకలేదు."

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఇరవయ్యోది గూడ అయిపోయింది, బుక్కు లేకుంటే—"

"ఇరవై!" అని ఫోన్ కట్టేశాడు.

బండి గంగాధర చౌరస్తా దాటుతుంటే పోలీసులు చెయ్యి ఎత్తి ఆపారు. ఆడ కానిస్టేబుల్ ఒకామె దగ్గరికొచ్చింది. చొక్కా మీద పేరు మమతారాణి అని ఉంది.

"హెల్మెట్ ఏది?"

"అండ్ల ఏం లేదు మేడం" అన్నాడు హనుమండ్లు, తల్లి ఒళ్లోని మూటను చూపించి.

"నేనడిగింది హెల్మెట్."

"ముడుపు మేడం. దేవునిది. ఇప్పద్దు."

అంతవరకు మూటను చూడని మమతారాణి అప్పుడు చూసింది. "ఇప్పు."

"నా పెండ్లాం ఉత్త కండక్టర్ మేడం!" హనుమండ్లు రోడ్డు మీదే చేతులు జోడించాడు. "అసలు చేపిచ్చేటోడు ప్లసెంటా సేఠ్! వాణ్ని పట్టుకోండ్రి, బీదోళ్ల మీద పడకుండ్రి!"

ఆమె మూట విప్పింది. బియ్యం రాలాయి. పేజీలు తిప్పుతూ పదకొండో కేసు దగ్గర ఆగిపోయింది. ఆ గీతల మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. ఆ కొద్దిసేపట్లోనే హనుమండ్లు తన జైలు జీవితం మొత్తం చూసుకున్నాడు.

"ఈ రెండు కిలోల తొమ్మిది వందలు నా కొడుకు" అంది చివరికి. "నొప్పులు లేస్తే ఇడువకుండ నా చెయ్యి పట్టుకున్నది ఈ రమక్కనే. నీ పెండ్లామా? గింత మంచామెకు నువ్వెట్ల దొరికినవ్?"

"గంజాయి కాదా?"

"కాన్పులయ్యా! నర్సు ట్రైనింగుల ఇరవై కాన్పులు చెయ్యాలె, బుక్కుల రాయాలె."

"మరి సేఠ్?"

"ప్లసెంటా అంటె మాయ. పిల్లగాడు పుట్టినంక పడే మాయ."

శంకరవ్వ కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "ఐదు కాన్పులల్ల నేను సూడని సేఠ్ ఎవడురా అనుకున్న!"

మమతారాణి రమకు ఫోన్ కలిపింది. అవతల ఏడుపు. పన్నెండింటికి పుస్తకం అందకపోతే పరీక్షకు కూర్చోనివ్వరట, రెండేళ్ల చదువుకు ఇంకో ఏడాది కలుస్తుంది. అప్పటికి టైం పదకొండూ పది. పోలీసు జీపు ఎలాగూ కరీంనగర్‌కే పోతోంది. మమతారాణి ముందు కూర్చుంది, హనుమండ్లును వెనక ఎక్కించారు. శంకరవ్వను ఎవరూ ఎక్కమనలేదు. ఆమే ఎక్కింది. రోడ్డు అవతల ఓంప్రకాశ్ షట్టరు సందులోంచి ఇదంతా చూసి, వాడ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టాడు: "హనుమండ్లు అరెస్ట్. ముసలమ్మను గూడ ఇడిసిపెట్టలే."

ట్రైనింగ్ సెంటర్‌కు చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు. తెల్లకోటు వేసుకున్న రమ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ కోటులో భార్యను చూడటం హనుమండ్లుకు అదే మొదటిసారి. రమ అతన్ని దాటుకుని పోయి పుస్తకం అందుకుని, ఇరవయ్యో కేసు గబగబా రాసి లోపల ఇచ్చింది.

సెంటర్ పెద్ద మేడం పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. "కేసు బుక్కుకు పసుపు ఎందుకున్నది?"

రమ మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. "మా అత్తమ్మ దేవుని ముంగట పెట్టింది మేడం."

"దేవునికి మొక్కితే కేసులు నిజమైతయా? సగం మంది ఇంట్ల కూసోని రాసుకొస్తరు. మొన్నటిదాంక ఆయమ్మవు. ఇరవై నువ్వే చేసినవని నేనెట్ల నమ్మాలె?"

వెనకనుంచి బూట్ల చప్పుడు.

"పదకొండో కేసు నేనే మేడం" అంది మమతారాణి. "ఏం అడుగుతరో అడుగుండ్రి."

మేడం ఆ యూనిఫాం వైపు చూసింది. సంతకం పెట్టింది.

తిరుగు బస్సులో హనుమండ్లు మెల్లగా అన్నాడు. "నాకొక్క మాట చెప్తే ఏం పోతుండె?"

"చెప్తే పొద్దుగూకెవరకు వాడంత తెల్వకపోవునా?"

వాడకు అప్పటికే తెలిసిపోయింది. ఇంటి ముందు నలభై మంది. పక్కింటి కిష్టవ్వ కళ్లు తుడుచుకుంటోంది. హనుమండ్లు అరుగెక్కి గొంతెత్తాడు. "కేసు లేదు, ఏం లేదు! నా పెండ్లాం నర్సయితున్నది!"

"గట్లనే చెప్పాలె బిడ్డా" అంది కిష్టవ్వ. "ఎవ్వలడిగినా గదే మాట మీద ఉండు."

రమ పరీక్ష పాసైంది. ఇప్పుడు వాడలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు ఆమె దగ్గరికే వస్తారు. హనుమండ్లు దగ్గరికి మాత్రం బెయిలు ఎట్లా తెచ్చుకోవాలో అడగడానికి వస్తారు.

సరే, ఉంటాను. మీకు తెలిసిన ఆయమ్మలు ఎవరైనా చదువు సగంలో ఆపేసి ఉంటే ఈ ముచ్చట వాళ్లకు తప్పక పంపండి. ఫోన్ మొగుడి చేతిలో ఉంటే మాత్రం కొద్దిసేపు ఆగి పంపండి.