మూడు శాతం పొగ

మా రవాణా మంత్రి గారు మాటంటే మాటే. "వచ్చే సోమవారం నుంచి ఈ ఊరి గాలికి పొగంటే ఏమిటో తెలియదు" అని బుధవారం నాడు బస్సు డిపోలో ప్రకటించి, దిగి కారెక్కేలోగా పాత డీజిల్ బస్సులన్నిటినీ తుక్కుకు పంపించేశారు. కొత్త కరెంటు బస్సు ఇంకా రాలేదు కదా అని వెనక వరసలో ఎవరో గొణిగారు. మంచి పని చేసేటప్పుడు వెనక్కి చూడకూడదనీ, మరీ ముందుకు కూడా చూడకూడదనీ ఆయన సెలవిచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం.

పనిలో పనిగా ఇంకో వరం కూడా ఇచ్చారు. పారదర్శకత కోసం కొత్త బస్సుకు రోజూ బయల్దేరే ముందు పొగ పరీక్ష జరగాలి. ఆ అంకె నేరుగా ఆయన ఫోనుకు వెళ్ళాలి. పరీక్ష పాసైతేనే డిపో గేటు లేస్తుంది.

ఆ పరీక్ష చేసేది నేను. గేటు పక్కన చిన్న గది, అందులో ఒక కంప్యూటరు, దానికొక రబ్బరు గొట్టం. ఆ గొట్టం కొసను బస్సు పొగగొట్టంలో దూర్చి తెర వంక చూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగం.

నేనుండేది ఊరి చివర కాలనీలో, మా పిన్ని దగ్గర. పిన్ని పెద్దాసుపత్రిలో, ఊపిరితిత్తుల వార్డులో ఆయా. పొద్దున్న ఆరున్నరకల్లా సంతకం పెట్టాలి. మా కాలనీ నుంచి డిపో నాలుగు కిలోమీటర్లు, డిపో నుంచి ఆసుపత్రి ఇంకో నాలుగు. బస్సులు తుక్కుకు పోయాక పిన్ని ఎనిమిదీ నడిచింది, రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి కూడా ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని సూపర్వైజరమ్మ మర్యాదగానే చెప్పింది. అందుకని మా ఇంట్లో అందరికన్నా ఎక్కువగా సోమవారం కోసం ఎదురుచూసింది పిన్నే.

శనివారం బస్సొచ్చింది. ఆకుపచ్చ రంగు, అద్దాల్లాంటి కిటికీలు. దానితో పాటు కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. మా మేనేజరు గారు బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగి, మూడోసారి వంగి చూశారు.

"పొగగొట్టం ఏదయ్యా?"

"ఉండదు సార్. పొగ రాదు కాబట్టి."

"పొగ రాకపోవడం మీ ఇష్టం. గొట్టం లేకపోవడం రూలుకు విరుద్ధం."

టై ఆయన బ్యాటరీ గురించి, భూగోళం గురించి చాలాసేపు చెప్పాడు. మేనేజరు గారు ఓపిగ్గా అంతా విని, మా మెకానిక్ మేస్త్రీని పిలిచి, తుక్కులోంచి ఒక మంచి గొట్టం తెచ్చి వెల్డింగ్ చేయించారు. వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ టై ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నేను రబ్బరు గొట్టం దూర్చాను. తెర మీద సున్నా వచ్చింది. కింద ఎర్రక్షరాల్లో: "ఇంజను ఆపి ఉంది. స్టార్ట్ చేసి మళ్ళీ ప్రయత్నించండి." పదకొండుసార్లు ప్రయత్నించాను. పదకొండుసార్లూ అదే సలహా.

ఈ కంప్యూటరుకు సున్నా అంటే నచ్చదని మేనేజరు గారు పై ఆఫీసుకు ఫోన్ చేశారు. సున్నాను అంకెగా గుర్తించాలంటే కమిటీ వెయ్యాలి, రెండేళ్ళు పడుతుందన్నారు. ఇక నేరుగా మంత్రి గారికే చేశారు. స్పీకర్లో పెట్టడం వల్ల ఆ చారిత్రక సంభాషణ నేనూ విన్నాను.

"అయితే ఎంత పొగ కావాలి?" అన్నారు మంత్రి గారు.

"కనీసం ఒకటి, గరిష్ఠం అయిదు శాతం సార్."

ఆయన కాసేపు ఆలోచించారు. "మూడు పెట్టండి. ఒకటంటే మరీ పిసినారితనంగా ఉంటుంది."

ఇంత క్లిష్టమైన సమస్యను అంత తేలిగ్గా తేల్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

సోమవారం తెల్లవారకముందే పిన్నీ నేనూ నడుచుకుంటూ డిపోకు వచ్చేశాం. అక్కణ్ణించి బస్సులో పావుగంటే కదా అని పిన్ని ధీమా. బ్యాండు మేళం, రిబ్బను, కెమెరాలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆరింటికి మంత్రి గారు దిగారు. మేస్త్రీ బస్సు వెనక ఒక రేకు డబ్బా పెట్టి, దాని మూతికి పొగగొట్టం తగిలించాడు. డబ్బాలో వెయ్యడానికి స్టోరులో ఏం దొరుకుతాయా అని వెతికితే, "పొగ రహిత నగరం మన హక్కు" అని అచ్చేయించిన కరపత్రాల కట్టలు కనిపించాయి. పంచడానికి మనుషుల్లేక మిగిలిపోయినవి, వానకు కొంచెం చెమ్మగిల్లినవి.

మొదట వాటిలో పొడిగా ఉన్నవి ఏరి వేసి వెలిగించాడు. భగ్గున మండాయి. సున్నా. మంత్రి గారు వాచీ చూసుకున్నారు. మేస్త్రీ కంగారుపడి గ్రీజు గుడ్డ ఒకటి కుక్కాడు. నలభై ఒకటి. తెర మీద "ఈ వాహనాన్ని వెంటనే తుక్కుకు పంపగలరు" అని వచ్చింది. టై ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. బ్యాండు వాళ్ళు వాయించిందే మళ్ళీ వాయిస్తున్నారు.

గడియారం ఆరూ అయిదు చూపిస్తోంది. జనంలోంచి పిన్ని ముందుకొచ్చింది.

"జరుగు తమ్ముడూ. అలా కూరితే దానికి మాత్రం ఊపిరెలా ఆడుతుంది?"

గ్రీజు గుడ్డ తీసి అవతల పారేసింది. చెమ్మ కాగితాలను ఒక్కొక్కటే నలిపి, మధ్యలో వేలు పట్టేంత సందు వదిలి పేర్చింది. వంగి, బుగ్గలు పూరించి, మెల్లగా ఊదింది. తెల్లటి పొగ బుద్ధిగా గొట్టంలోకి నడిచింది. తెర మీద ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర ఆగింది. గేటు లేచింది.

మంత్రి గారి ఫోను టింగుమంది. ఆయన దాన్ని పైకెత్తి అందరికీ చూపించి, దేశం గర్వించదగ్గ అంకె అన్నారు. ఇది ఎవరి ఘనత అని విలేకరులు అడిగితే, మా సాంకేతిక బృందానిదని మేనేజరు గారు చెప్పారు. సాంకేతిక బృందం అప్పటికే అతిథుల మధ్య ఒంటికాలి మీద నిలబడి బస్సులో వెళ్ళిపోతోంది.

పిన్ని ఆరూ ఇరవై అయిదుకు ఆసుపత్రి చేరింది. అయిదు నిమిషాలు ముందే. సంతకం పెట్టబోతుంటే సూపర్వైజరమ్మ ముక్కు ఎగబీల్చిందట.

"ఊపిరాడనివాళ్ళున్న వార్డులోకి ఈ పొగ కంపుతో వస్తావా? లేటుకైతే రెండు అవకాశాలిచ్చాను. దీనికి ఒక్కటీ లేదు."

అలా పిన్ని, వేళకు చేరిన మొదటి రోజే, ఉద్యోగం పోగొట్టుకుని అదే బస్సులో తిరిగొచ్చింది. డిపోలో మేనేజరు గారు ఆమె కోసమే వెతుకుతున్నారు. మర్నాడు పరీక్ష మళ్ళీ ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టింది.

"ఈ డిపోలో పాతికేళ్ళుగా ఒకళ్ళకొకళ్ళు పొగ పెట్టుకున్నవాళ్ళే గానీ, బస్సుకు పెట్టగలిగినవాడు ఒక్కడూ లేడు సార్. అక్కను వదలకండి" అన్నాడు మేస్త్రీ.

ముగ్గురు అధికారులు కూర్చుని ఇంటర్వ్యూ చేశారు. అనుభవం ఎంత అని అడిగితే, తడి కట్టెలతో పదిహేడేళ్ళని చెప్పింది. పొగను మూడు దగ్గరే ఎలా ఆపారని అడిగితే, కళ్ళు మండీ మండకుండా ఉంటే మూడని చెప్పింది. అది ముగ్గురూ రాసుకున్నారు. మీరేమైనా అడుగుతారా అంటే, పర్మనెంటేనా అని ఒక్కటే అడిగింది. పర్మనెంటే.

ఇప్పుడు పిన్ని హోదా "సున్నా ఉద్గారాల విభాగ సహాయ నిపుణురాలు". పిన్నికి నోరు తిరక్క పొయ్యి ఉద్యోగం అంటుంది. రాబోయే యాభై బస్సులకూ కంపెనీ వాళ్ళే పొగగొట్టం బిగించి పంపుతారట. టై ఆయన దానికి డీలక్స్ మోడల్ అని పేరు పెట్టాడు. బస్సుకొకరు చొప్పున యాభై హరిత ఉద్యోగాలు సృష్టించామని మంత్రి గారు సభలో చెప్పారు, అందులో అబద్ధమేమీ లేదు. కరపత్రాలు అయిపోవస్తుంటే మళ్ళీ లక్ష అచ్చుకిచ్చారు. కాగితం కాస్త మందంగా ఉంటే నెమ్మదిగా రాజుకుంటుందని పిన్ని సూచిస్తే, టెండరులో అలాగే రాశారు.

ఉద్యోగంతో పాటు ఇంటి నుంచి డిపోకు ఉచిత బస్సు పాసు కూడా ఇచ్చారు. మొదటి బస్సు అయిదూ ముప్పావుకు డిపోలో బయల్దేరి మా కాలనీకి వస్తుంది. పిన్ని వెళ్ళి పొగ పెడితే గానీ కదలదు. అందుకని పిన్నీ నేనూ నాలుగున్నరకే తాళం వేసి రోడ్డెక్కుతాం.

మొన్న దారిలో, ఎప్పుడైనా నీకు ఆలస్యమైతే ఎలా పిన్నీ అని అడిగాను. పిన్ని నడక ఆపకుండానే నవ్వింది.

"నాకు ఆలస్యమైతే బస్సు ఆగుతుందే అమ్మడూ. ఇన్నేళ్ళూ దాని వెనక నేను పరిగెత్తాను. ఇప్పుడు అదే నా కోసం కూర్చుంటోంది."

డిపో ఇంకా మూడు కిలోమీటర్లుంది.