పలుపుకు కట్టిన డబ్బా

మంజులమ్మ సంగటి కెలుకుతోంది. కూతురు కావ్యశ్రీ కుండ కదలకుండా పట్టుకుంది. ఆదివారం కాబట్టి ఆమెను పనికి తీసుకుపోయే హోసూరు కంపెనీ బస్సు రాదు. ఆవును మేపుకొస్తానని మంజులమ్మ మొగుడు సోమప్ప తెల్లవారే బయలుదేరాడు.

ఆ ఆవుకు పొరుగువాళ్ల అనపచేను మీదే కన్ను. ఇంకోసారి పడితే అమ్మేస్తానని సోమప్ప ఒట్టు పెట్టుకున్నాడు. ఆవంటే ప్రాణమైన కావ్యశ్రీ నెల రోజులు కష్టపడి జీపీఎస్ బోర్డు, కదలికను పట్టే సెన్సారు, సిమ్ము ఒక సోపుడబ్బాలో అమర్చింది. నాయనకు చెప్పకుండా నిన్న సాయంత్రమే ఆవు మెడలోని పలుపుకు కట్టింది. ఆవు హద్దు దాటితే ఫోను మోగుతుంది.

మోగింది.

"అమ్మా, ఆవు పోచంపల్లి సంత దోవలో నలభై స్పీడులో పోతా ఉండాది!"

"మన ఆవా? కొట్టినా కదలదే అది!"

"టెంపోలో ఎక్కిచ్చినారు. దొంగలు!"

సోమప్ప ఫోను ఎత్తలేదు. "మీ నాయన్ను యాడ కట్టి పడేసినారో!" అంటూ మంజులమ్మ సంగటికట్టెతోనే వీధిలోకి ఉరికింది. ఆమె తమ్ముడు ఉపేంద్ర నాలుగు బైకులు పోగేసి సంతకు పోయాడు. "మా ఆవును దొంగలెత్తుకొచ్చినారు! మా బావ గూడా కనపడలేదు!" అని సంతంతా చాటాడు.

అంతలో ఫోనులో చుక్క ఊరివైపు తిరిగింది. కావ్యశ్రీ కబురందుకుని బైకులు ముందుగా వచ్చేశాయి. ఊరి మలుపులో తల్లీకూతుళ్లతో పాటు పదిమంది కర్రలతో కాపు కాశారు. టెంపోకు బదులు సంత నుంచి వచ్చే బస్సు ఆగింది. సోమప్ప ఒక్కడే దిగాడు. భుజం మీద పలుపు, పలుపుకు డబ్బా.

ఆవును అమ్మినా పలుపు ఇవ్వరు. ఇస్తే ఇంటి లక్ష్మి దాని వెంట పోతుందంటారు. కావ్యశ్రీ కళ్లు నిండాయి.

"ఇది చూడలేదా నాయనా?"

"మీ అమ్మ దిష్టికి కట్టిందనుకుంటి."

"లక్ష్మిని అమ్మేసి తాడు మోసుకొచ్చినావా!" అంది మంజులమ్మ.

వాళ్లు ఇల్లు చేరి ఇంకా పోట్లాడుకుంటూండగా వాకిట్లో టెంపో ఆగింది. ఆవును కొన్న సుబ్రమణి దాన్ని దించాడు.

"దొంగావంట కదప్పా. సంతంతా అదే మాట. నాకొద్దు, నా దుడ్డు నాకియ్యి."

"అది నా ఆవేనప్పా!"

"అట్లయితే ఈయప్ప యాల అరిచినాడు?"

ఉపేంద్ర ఆకాశంలోకి చూశాడు. సోమప్ప డబ్బు తిరిగిచ్చేశాడు. కావ్యశ్రీ ఆవు మెడ కావలించుకుంది.

సోమప్ప చెప్పులు తొడుక్కుని ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. డబ్బా కట్టిన పలుపు ఇంకా ఆయన భుజం మీదే ఉంది; కావ్యశ్రీ ఫోనులో చుక్క కదులుతోంది.