ముప్పై ఒకటో తప్పు

ఆదివారం పొద్దున కాఫీ తాగి, ఆ యుద్ధం సినిమాను టీవీలో మూడోసారి చూడాలన్నది విశ్వేశ్వరరావు గారి కార్యక్రమం. డెబ్భై ఒకటి యుద్ధంలో ఆయన మిలిటరీ లారీ నడిపిన దళం మీదే తీసిన సినిమా అది. చేతికందిన నోటుపుస్తకంలో సినిమా తప్పులు రాసుకుంటూ కూర్చున్నారు.

"తాతయ్యా, అది నా లెక్కల పుస్తకం!" అంది మనవరాలు రసజ్ఞ.

"చివరి పేజీలే వాడానమ్మా."

"త్రికోణం పక్కన 'ఈ టోపీ అప్పటికి లేదు' అని రాశావు. మా టీచర్ ఏమంటుంది?"

"లేదుగా మరి!"

వంటింట్లోంచి భార్య వీరలక్ష్మి కేకేసింది. "పిల్లకి కొత్త పుస్తకమైనా కొనండి, ఆ టీవీ అయినా కట్టెయ్యండి!"

గొడవ ఆపడానికి కొడుకు వెంకట్ ఆ తప్పులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. సాఫ్ట్‌వేరులో బగ్గులు, అంటే తప్పులు, పట్టడమే హైటెక్ సిటీలో అతని ఉద్యోగం. నంబరు, తీవ్రత, ఆధారం రాయనిదే చెయ్యి ఊరుకోదు. ముప్పై ఒక్క బగ్గులు తయారై, తెల్లాపూర్‌లోని వాళ్ళ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో పడ్డాయి. చివరిదానికి ఎర్రరంగు: 'గుండ్లు పడగానే డ్రైవరు బెదిరి, లారీని వెనక్కి నడిపి వంట గుడారం కూల్చాడట. పచ్చి అబద్ధం. మా దళానికి అవమానం.'

సాయంత్రానికి గ్రూపులోని వెంకట్‌లాంటి నలుగురు టెస్టర్లు సినిమా మళ్ళీ చూసి 'తప్పే' అని ధ్రువీకరించారు. అసోసియేషన్ కార్యదర్శి మధుకర్ ఆ జాబితాను సినిమా కంపెనీకే పంపి, జవాబుకు గడువు కూడా పెట్టాడు.

"జర గూడ ఫికర్ చెయ్యకుండ్రి అంకుల్. వాళ్ళు మాఫీ అడిగేదాంక ఇడిచేది లేదు. జనవరి ఇరవై ఆరు నాడు జెండా మీరే ఎగరెయ్యాలె, ఆనాటి ముచ్చట మైకుల మీరే చెప్పాలె."

"సినిమావాళ్ళను ఎందుకు కదపడం బాబూ? పాపం."

ఆయన సినిమావాళ్ళను పాపం అనడం యాభై ఏళ్ళ కాపురంలో వీరలక్ష్మి ఎన్నడూ వినలేదు.

శనివారం క్లబ్‌హౌస్‌లో మధుకర్ సినిమా కంపెనీ జవాబును అందరి ముందూ పెద్ద తెరమీద తెరిచాడు. ముప్పై తప్పులు ఒప్పుకున్నారు. చప్పట్లు మోగాయి. ముప్పై ఒకటోదాని ఎదురుగా 'బగ్ కాదు' అని ఉంది. కింద ఆధారంగా దళాధిపతి డైరీ పేజీ: 'డ్రైవర్ విశ్వేశ్వరరావు భయపడి, లారీ వెనక్కి తీసి వంట గుడారం నేలమట్టం చేశాడు. మధ్యాహ్నం భోజనాలు లేవు. సాయంత్రం అదే లారీలో గుండ్ల మధ్య నుంచి గాయపడ్డవాళ్ళను రెండుసార్లు తెచ్చాడు.'

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఈయన వేరే విశ్వేశ్వరరావు అయ్యుంటడు గదా అంకుల్?" అన్నాడు మధుకర్, దారి చూపిస్తున్నట్టు.

ఔనంటే సరిపోయేది. విశ్వేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచారు. "ఆ దళంలో ఆ పేరుగలవాణ్ణి నేనొక్కణ్ణే" అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. పప్పు వడ్డిస్తూ వీరలక్ష్మి ఆగింది.

"మరి నుదుటిమీద ఆ మచ్చ? తూటా రాసుకుపోయిందని మా నాన్నకు చెప్పి కదండీ నన్ను చేసుకున్నారు!"

"వంటవాడు గరిటె విసిరాడు. గురి మంచిది."

వెంకట్‌కు పొలమారింది. విశ్వేశ్వరరావు గారు మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపారు.

"జెండా రోజున మైకులో ఇదంతా నేనే చెప్తాను. ఒరే వెంకట్, ఆ ముప్పై ఒకటోది కొట్టేసి ఇంకోటి రాయి."

"ఏం రాయమంటారు నాన్నా?"

"సినిమాలో గరిటె లేదు."