అడవి తరఫున నడిచిన దుప్పి

ఒక పెద్ద అడవిలో అందరికీ ఆరోగ్యం మీద గొప్ప శ్రద్ధ ఉండేది. ఏ ఇద్దరు కలిసినా పొద్దున్నే లేచి నడవడం ఎంత మంచిదో మాట్లాడుకునేవారు. ఆ మాటలు ఎండెక్కేదాకా సాగేవి. అందుకని నడవడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండేది కాదు.

ఒకరోజు సింహరాజు కుందేలు వెంటపడి, నాలుగు అంగలు వేసేసరికి ఆయాసంతో కూలబడ్డాడు. కుందేలు కాస్త దూరంలో ఆగి, "ప్రభూ, మంచినీళ్లేమైనా కావాలా?" అని అడిగింది.

ఆయాసం కంటే ఆ మర్యాదే రాజుగారిని ఎక్కువ బాధించింది. సాయంత్రానికల్లా సభ పెట్టి, "రేపటి నుంచి అడవిలో ప్రతి ఒక్కరూ నడవాలి" అన్నాడు.

సభలో అడవిపంది పొట్ట సవరించుకుంది. అప్పుడు కార్యదర్శి నక్క కుశలయ్య లేచాడు.

"మహారాజా, అడవిని ప్రతి ఒక్కరూ పాలిస్తున్నారా? లేదే! అందరి తరఫునా తమరు పాలిస్తున్నారు. అందరి తరఫునా నేను మాట్లాడుతున్నాను. నడక ఒక్కటీ ఎవరిది వాళ్లే నడవాలంటే ఏం పద్ధతి? ఒక ప్రతినిధిని ఎన్నుకుందాం. అందరి తరఫునా ఆ ఒక్కరూ నడుస్తారు."

చప్పట్లతో అడవి దద్దరిల్లింది.

నడకకు చుక్కల దుప్పి చిత్రాంగిని ఎన్నుకున్నారు. వేళకు నిద్రపోయే బాధ్యత కొండచిలువకు అప్పగించారు. ఆ ఎన్నిక ఫలితం చెప్పేటప్పటికే ఆయన విధుల్లో చేరిపోయాడు. ఆకుకూరలు తినే పదవి కుందేలుకు దక్కింది. అది మిగతా అందరికీ మరీ సంతోషం కలిగించింది.

ఎలుగుబంటి జంగమ్మకు మాత్రం ఒక సందేహం. జంగమ్మది ఏ పనైనా ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే స్వభావం. ఆమె పిల్లలిద్దరూ గుట్టకు అవతల చెల్లెలి దగ్గర పెరుగుతున్నారు. అక్కడ తినడానికి చెదపుట్టలు ఎక్కువ, చెట్లెక్కడం కూడా బాగా నేర్పుతారు. పిల్లల మంచికే పంపింది. పంపిన రోజు నుంచి ఆమెకు ముద్ద దిగితే ఒట్టు. ఇప్పపువ్వు మాత్రం దిగేది.

"కుశలయ్యగారూ, ఈ నడకలో నా వంతు కూడా ఉన్నట్టేనా?" అని అడిగింది.

"నీ వంతు లేకుండా ఎలా జంగమ్మక్కా? నువ్వు నిశ్చింతగా కూర్చో."

జంగమ్మ కూర్చుంది. నిశ్చింతగా మాత్రం కాదు. రోజూ పొద్దున్నే కాకిని పిలిచి పిల్లలకు కబురు చెప్పేది.

"నీళ్లు సరిగ్గా తాగుతున్నారా అని అడుగు. గబగబా మింగొద్దని, నమిలి తినమని చెప్పు. పెందలాడే పడుకోమని చెప్పు. చిన్నది చెవుల వెనక రుద్దుకోదు, గట్టిగా చెప్పు."

"నిన్నా ఇదే చెప్పావు కదా జంగమ్మత్తా!"

"నిన్నటి నీళ్లు ఇవాళ్టికి సరిపోతాయా?"

కాకి వెళ్లి వచ్చి, "అన్నీ చేస్తున్నారట. నువ్వు నడుస్తున్నావా అని చిన్నది అడిగింది" అంది.

"నా తరఫున చిత్రాంగి నడుస్తోందని చెప్పు."

పున్నమి పున్నమికీ నడక ఉత్సవం జరిగేది. చిత్రాంగి మెడలో అడవిమల్లె దండ వేసేవారు. "మనం ఇంతమందిమి ఇంత బాగా నడవడం మన అడవికే గర్వకారణం" అని కుశలయ్య ఉపన్యసించేవాడు. తర్వాత విందు. విందు తర్వాత లేవలేక అక్కడే నిద్ర. చిత్రాంగి కాళ్లు రోజురోజుకీ ఉక్కుముక్కల్లా తయారయ్యాయి. మిగతావాళ్లు వాటిని తమ కాళ్లలాగే ముచ్చటగా చూసుకునేవారు.

ఒకనాడు కాకి ఎగురుకుంటూ వచ్చింది. "జంగమ్మత్తా! రేపు నీ పిల్లలు మొదటిసారి తేనెబండ ఎక్కుతున్నారు. అమ్మ వచ్చి చూస్తేనే ఎక్కుతామని మొండికేశారు."

జంగమ్మ చేతిలోని ఇప్పపువ్వు కింద పెట్టేసింది. తేనెబండ నిట్టనిలువుగా ఉంటుంది. ఎవరు పట్టుకుంటారు? కాలు జారితేనో?

సంగతి తెలిసి సింహరాజు, "అందరం వెళ్దాం. మన ఆరోగ్యం అవతలి అడవివాళ్లు కూడా చూడాలి" అన్నాడు.

తెల్లవారగానే ఊరేగింపు బయలుదేరింది. గుట్ట సగం ఎక్కక ముందే అడవిపంది పక్కకు ఒరిగింది. రాజుగారు ఒక బండ మీద చతికిలబడి ప్రకృతిని చూస్తున్నట్టు నటించాడు. కుశలయ్య నాలుక నేలను ఊడుస్తోంది. జంగమ్మ ఒక చెట్టును కావలించుకుని నిలబడింది. చిత్రాంగి ఒక్కత్తే గంతులేస్తూ పైదాకా వెళ్లి తిరిగి వచ్చింది.

"ఏమే చిత్రాంగీ! మా తరఫునే కదా ఇన్నాళ్లూ నడిచావు? మా వంతు సత్తువ మాకిచ్చెయ్!" అని పంది గద్దించింది.

"ఎలా ఇమ్మంటావు మామా? కాళ్లు ఊడదీసి పంచిపెట్టనా?"

"చూశారా, దాచుకుంది!" అని పంది అరిచింది.

కుశలయ్య గొంతు సవరించుకున్నాడు. "తొందరపడకండి. నడక సక్రమంగానే జరిగింది. పంపిణీలోనే లోపం. దీని మీద ఇక్కడే ఒక సంఘం వేద్దాం."

కూర్చుని చేసే పని కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

చిత్రాంగి జంగమ్మ దగ్గరకు వచ్చింది. పాపం, దానికి జాలేసింది. "వదినా, నువ్వు ఇక్కడే కూర్చో. నీ తరఫున నేను వెళ్లి పిల్లల్ని చూసొస్తాను."

జంగమ్మ తలెత్తింది. "నా పిల్లల్ని... నా తరఫున... నువ్వు చూస్తావా?"

"నడక చూశాను కదా, ఇదీ అంతే."

జంగమ్మ చెట్టును వదిలేసింది. "జరుగు తల్లీ" అని ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకొకటి వేసింది. రొప్పుతూ, కుశలయ్యను తిట్టుకుంటూ, ఇప్పపువ్వును తిట్టుకుంటూ, చివరికి తననే తిట్టుకుంటూ ఎక్కింది.

పైనుంచి రెండు నల్లటి ఉండలు దొర్లినట్టు దిగి వచ్చాయి. పిల్లలు! ఒకటి ముందుండి లాగింది, ఒకటి వెనకనుంచి తోసింది. పొద్దువాలే వేళకు అమ్మను గుట్ట దాటించి తేనెబండ ముందు కూర్చోబెట్టాయి.

"నీళ్లు తాగమ్మా. గబగబా మింగకు" అంది పెద్దది.

"చెవుల వెనక రుద్దుకున్నావా?" అంది చిన్నది.

తర్వాత రెండూ జారకుండా చకచకా బండ ఎక్కేశాయి. జంగమ్మ చూసింది. కళ్లు మూసుకుని కొంతసేపు, వేళ్ల సందుల్లోంచి కొంతసేపు. అయినా తన కళ్లతోనే చూసింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే నడవసాగింది. మొదట వాగు దాకా, తర్వాత గుట్ట సగం దాకా. మళ్లీ పున్నమికి కాకి అవసరం లేకుండా తనే అవతలికి వెళ్లి అవే జాగ్రత్తలు మళ్లీ చెప్పింది. కాకి ఊపిరి పీల్చుకుంది. పిల్లలకు మాత్రం ఆ అదృష్టం లేదు.

ఇక సంఘం తన నిర్ణయం ప్రకటించింది: లోపమంతా ఆయాసానికి ప్రతినిధి లేకపోవడంలోనే ఉంది. ఇకమీదట అందరి తరఫునా ఒకరే రొప్పాలి. అనుభవం దృష్ట్యా ఆ పదవికి జంగమ్మను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. దండ వేద్దామని పిలిస్తే ఆమె సభలో లేదు.

"ఏదీ జంగమ్మ?" అన్నాడు సింహరాజు.

"నడకకు వెళ్లింది ప్రభూ" అంది కుందేలు.

"ఎవరి తరఫున?" అని కుశలయ్య ఆశ్చర్యపోయాడు.

నీతి: చప్పట్లు కొట్టడం చేతులకు మంచిదే, కాళ్ల సంగతి మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలి.